నాలుగో గొట్టం

చచ్చిన మూడు గొర్రెల గురించి వనపర్తంతా మాట్లాడుతోంది గానీ, బతికున్న రెండింటి మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. షంషుద్దీన్ పొద్దున్నే వచ్చి చేసిన మొదటి పని అదే.

డాక్టర్ రామేశ్వరమ్మ ఆసుపత్రి వెనక ఉన్న రేకుల షెడ్డు అది. రెండు గొర్రెలూ కొత్త మనిషిని చూసి ఒకసారి తలెత్తి, వీడితో మనకేం పని అన్నట్టు మళ్లీ గడ్డిలో మూతి పెట్టాయి. పొట్ట పక్కన ఆపరేషన్ మచ్చలు మాని, వాటి మీద ఉన్ని కూడా మొలిచింది. షంషుద్దీన్ గోడవారగా ఉన్న సిమెంటు తొట్టిని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. షెడ్డు మొత్తానికి తొట్టి ఒక్కటే.

"ఏం సాబ్, గొర్రెల వాంగ్మూలం తీసుకుంటుండ్రా?"

గుమ్మంలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వెంకటన్న నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు వేలిముద్రల విభాగంలో షంషుద్దీన్ కింద పని నేర్చుకున్న మనిషి. గురువు ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌గా తిరుగుతుంటే, ఆయన ఎదురుపడిన ప్రతిసారీ శిష్యుడికి ఒళ్లు మండుతుంది. అయినా 'సాబ్' అనే మాట మాత్రం నాలుక మీంచి పోలేదు. అదే అతని బాధ.

"తీసుకుంటున్న. నీ సాక్షుల కంటె సక్కగ చెప్తున్నయ్," అన్నాడు షంషుద్దీన్.

వెంకటన్న లెక్క ప్రకారం కేసు నిన్ననే తేలిపోయింది. పోయిన వారం మూడు గొర్రెలకు ఆపరేషన్ చేసి, పొట్టలోని పెద్ద రక్తనాళంలో ముక్క తీసి, ఆ చోట పట్టుతో నేసిన గొట్టం అమర్చారు. రెండు రోజులు అవి హాయిగా తిరిగాయి, మేశాయి. మూడో రోజు వెనక కాళ్లు పడిపోయి, ఒకదాని వెనక ఒకటి చచ్చాయి. ఆ మర్నాడు షెడ్డు వెతికితే గడ్డి కింద గన్నేరాకు దొరికింది. పెట్టెలో ఉండాల్సిన నాలుగో గొట్టం కనబడలేదు. పట్నంలోని ఏదో మందుల కంపెనీకి అమ్ముడుపోయి గొట్టం దాటించాడని, గొర్రెలకు విషం పెట్టాడని కాపరి యేసయ్యను లాకప్పులో కూర్చోబెట్టారు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడితే, పూచీ ఇచ్చే దిక్కులేని యేసయ్య నేరుగా జైలుకే పోతాడు.

"తొట్టి ఒక్కటే ఉన్నది," అన్నాడు షంషుద్దీన్. "విషం అండ్ల ఏస్తే ఈ రెండు ఎట్ల బతికినయ్? యేసయ్య వీటితోని ఉపాసం చేయించిండా?"

"ఏరి ఏరి చేతితోని తినిపించిండేమో. ఎవరు చూసొచ్చిన్రు?"

"మంచిది. ఆకు చూపియ్యి."

వెంకటన్న కాగితం పొట్లం విప్పాడు. షంషుద్దీన్ ఒక కొమ్మ తీసి, తెగిన చివరను వెలుతురుకు పెట్టి చూశాడు. నున్నగా, ఏటవాలుగా తెగింది. మిగతావీ అంతే.

"నిన్న దొరికినప్పుడు పాలు కారుతుండెనంటివి గద?"

"కారుతుండె. పచ్చి ఆకు."

"గొర్రెలు సచ్చింది మొన్న. పాలు కారే ఆకు షెడ్డుల నిన్న దొరికింది. అంటే సచ్చినంక విషం పెట్టిండా మీ యేసయ్య?" షంషుద్దీన్ కొమ్మను మళ్లీ పొట్లంలో పెట్టాడు. "ఇంకోటి. గొర్లకాపరి కొమ్మను చేతితోని తుంపుతడు, లేకుంటె కొడవలితోని కోస్తడు. గిది కత్తెర పని. మంచి పదునున్న కత్తెర."

వెంకటన్న మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి, డాక్టర్ రామేశ్వరమ్మ రావడం చూసి టోపీ సర్దుకున్నాడు.

రామేశ్వరమ్మకు యాభై దాటాయి. మూడు రోజులుగా నిద్రలేదని కళ్లు చెబుతున్నాయి. షంషుద్దీన్‌ను పిలిపించింది ఆమే. గొర్రెలకు పేర్లు పెట్టుకుని పిలిచే యేసయ్య వాటికి విషం పెట్టాడంటే ఆమెకు మనసొప్పలేదు. కానీ విషం కాకపోతే తన గొట్టాలే వాటిని చంపినట్టు. ఎటు తేలినా ఏదో ఒకటి పోతుందని తెలిసి కూడా నిజం తేల్చమంది. ఆ ఒక్క కారణానికే షంషుద్దీన్‌కు ఆమె మీద గౌరవం కలిగింది.

"మేడం, మీ గొట్టం సంగతి నాకు అర్థమయ్యేటట్టు చెప్పండ్రి. నేను చదువుకున్నది వేలిముద్రలు మాత్రమే."

"ఒంట్లోకి పరాయి వస్తువు ఏది పోయినా రక్తం ఊరుకోదు సాబ్. దాని మీద గడ్డ కడ్తది. ప్లాస్టిక్ పెట్టినా, ఇంకోటి పెట్టినా ఇదే పంచాది. పట్టుదారానికి పుట్టుకతోనే ఒక జిగురు ఉంటది. ఒంటికి పడనిది ఆ జిగురే. సబ్బు, సోడా వేసి ఉడకబెట్టి దాన్నంత తీసేస్తే, ఒళ్లు ఆ దారాన్ని కొద్దికొద్దిగ ఒప్పుకుంటది. లోపలి దిక్కు తన సొంత పొర పరుచుకుంటది. కొన్నాళ్లకు అది పట్టో నరమో నేను గూడ చెప్పలేను." ఆమె బతికున్న గొర్రెలను చూపించింది. "ఈ రెండింటిల ఉన్నది మొదటి విడత గొట్టాలు. ఏడాది దాటింది. సచ్చిన మూడింటికి రెండో విడతవి పెట్టినం. కోసి చూస్తే గొట్టం నిండ గడ్డకట్టిన రక్తమే."

"విషం తింటే రక్తం గడ్డకట్టదా?" అన్నాడు వెంకటన్న.

"గన్నేరుతోని గుండె ఆగుతది. ఇట్ల కాళ్లు పడిపోవు. కానీ కట్టనే కట్టదని కోర్టుల ప్రమాణం చేయమంటే నేను చేయలేను," అంది రామేశ్వరమ్మ. 

"రెండు విడతలు నేసింది ఒక్కరేనా?"

"ఒక్కరే. గద్వాల మల్లేశం. చీర అంచుకు పట్టు, ఒంటికి నూలు కలిపి నేసేటోల్ల చేతికి గొట్టం ఒక లెక్క గాదు. దారం మోసే నాడె పై పొరల నుంచి పోయి కింది పొరల నుంచి తిరిగి రావాలె, అతుకు ఉండొద్దు. జిగురు తీసే పని గూడ నేను చెప్పినట్టే తనే చేస్తడు."

"మనుషులకు ఎప్పుడు పెడ్తరు?"

ఆమె ఉలిక్కిపడ్డట్టు చూసింది. "ఇంక శానా ఏండ్లు పడ్తది సాబ్. గొర్రెలల్ల నిలబడని దాన్ని మనిషికి పెడితే హత్య చేసినట్టే."

"మీ చేతికింద ఇంకో డాక్టరు ఉండాలె గద?"

"బాలస్వామి. మస్తు తెలివైనోడు, తొందర ఎక్కువ. గద్వాల పోయి రెండో విడత తెచ్చింది అతనే. నాగర్‌కర్నూల్‌ల చుట్టాల పెండ్లి ఉన్నదని నిన్న మధ్యాహ్నం నుంచి సెలవుల ఉన్నడు."

షంషుద్దీన్ ఇంకేమీ అడగలేదు. ఆపరేషన్ చేసేటప్పుడు గొట్టం కొలతకు కత్తిరించగా మిగిలిన ముక్కలు ఉన్నాయా అని మాత్రం కనుక్కున్నాడు. రామేశ్వరమ్మ ఇద్దరినీ తన గదిలో కూర్చోబెట్టి రెండు గాజుమూతల గిన్నెలు తెచ్చింది. మొదటి విడత ముక్క వేళ్ల మధ్య పెట్టి నలిపితే పాత పంచెలాగా వాలిపోయింది. రెండో విడత ముక్క బల్లమీద నిలబెడితే నిలబడింది.

"రెండోసారి నేత బిగువుగ పడ్డదనుకున్న. మంచిదేలె అనుకున్న," అంది ఆమె.

షంషుద్దీన్ తన చొక్కా కాలరు తడుముకున్నాడు. ఇంట్లో భార్య గౌసియాబీ ప్రతి శుక్రవారం నమాజుకని ఆయన తెల్ల చొక్కాను అట్టముక్కలాగా చేసి ఇస్తుంది. మెడ ఒరుసుకుపోయి ముప్ఫై ఏళ్లుగా ఆయన ఫిర్యాదు చేస్తూనే ఉన్నాడు. ఆమె ముప్ఫై ఏళ్లుగా వినడం లేదు.

"మేడం, టింక్చర్ అయోడిన్ సీసా ఇయ్యండ్రి."

రెండు ముక్కల మీదా ఒక్కో చుక్క వేశాడు. మొదటి ముక్క మీద చుక్క పసుపుగా, ఎర్రగా అలాగే ఉండిపోయింది. రెండో ముక్క చూస్తుండగానే సిరా పోసినట్టు నల్లటి నీలమైంది.

రామేశ్వరమ్మ కుర్చీ కోసం వెనక్కి చేయి చాపింది. "గంజి!" అంది. "గంజి పెట్టిన గొట్టాన్ని మేము ఆవిరిల పెట్టి శుద్ధి చేసినం. ఆవిరికి గంజి దారాన్ని ఇంక గట్టిగ పట్టుకుంటది. రక్తం ఊరుకుంటదా దాన్ని చూసి! మొదటి విడతను పరీక్ష చేసిన, రెండోదాన్ని చేయలే. అదే చెయ్యి గదా అని నమ్మిన."

"నీళ్లల్ల కడిగితే పోతదా?"

"ఇప్పుడు పోదు. తీసి అవతల పారెయ్యాల్సిందే."

వెంకటన్న మాత్రం హుషారుగా లేచాడు. "అయితే దొంగ గద్వాల్ల ఉన్నడు. కంపెనీవాళ్లు యేసయ్యను కాదు, సాలోల్లను కొన్నరు. పదండ్రి సాబ్, నా జీపులనే పోదాం."

"పోదాం. ఒక్క షరతు. అక్కడ గంజి మాట నీ నోట్లకెల్లి రావొద్దు. నేను అడిగేదాక నువ్వు మీసం మెలేసుకుంట కూసో."

* * *

మల్లేశం ఇంట్లో సగం గదిని గుంటమగ్గమే తినేసింది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మల్లేశం, పోలీసును చూసి నాడె వదిలేశాడు. అతని భార్య నాగమణి వెనక వసారాలోంచి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. వసారాలో అప్పుడే మగ్గం దిగిన చీర ఒకటి బిగదీసి కట్టి ఉంది. దాని కింద పళ్లెంలో తెల్లటి గంజి, ఒక కుంచె ఉన్నాయి.

"కూసోండ్రి సారూ," అంది నాగమణి. చాప పరిచి చెంబుతో నీళ్లు తెచ్చింది.

షంషుద్దీన్ నీళ్లు తాగి, తీరిగ్గా మల్లేశం వైపు తిరిగాడు. "మేడంకు నేసిచ్చిన గొట్టాలు నీ చేతి మీద ఎట్ల నడుస్తయో చెప్పు మల్లేశం. మొదటినుంచి."

"ఏమున్నది సాబ్. దారం తెస్త, నేస్త. సబ్బు, సోడా ఏసి మేడం చెప్పినంత సేపు ఉడకబెడ్త. మంచినీళ్లల్ల జాడిచ్చి నీడకు ఆరబెడ్త. డాక్టర్ సారు వస్తే ఇస్త."

"ఇంకేం పెట్టవా?"

"పట్టుకు ఏం పెడ్తం సాబ్? నూలుకైతే గంజి పెడ్తం, పట్టుకు పెట్టం." మల్లేశం చూపులో దాపరికం ఏమీ కనబడలేదు. 

"రెండో విడత డాక్టరుకు నువ్వే ఇచ్చినవా?"

"లేదు సాబ్. ఆరబెట్టి నేను అయిజ ఊరికి పోయిన, పని మీద. మా ఇంటామె ఇచ్చింది."

వెంకటన్న ఇక ఆగలేకపోయాడు. చెప్పినంత సేపు మీసం మెలేసుకుని కూర్చున్నాడు పాపం. "ఏమే నాగమణి! నాలుగు గొట్టాలల్ల ఒకటి మాయమైంది. ఎవనికి అమ్మినవ్? నిజం చెప్పకుంటె నీ మొగున్ని ఇప్పుడే జీపెక్కిస్త!"

మల్లేశం గుంటలోంచి పైకి లేచాడు. నాగమణి మొహం తెల్లబోయింది.

"వెంకటన్నా, ఆ నీళ్లు తాగు," అన్నాడు షంషుద్దీన్. గొంతు పెంచలేదు గానీ, పాత ఆఫీసులో తప్పు ముద్ర తీసినప్పుడు అనే తీరులో అన్నాడు. వెంకటన్న తెలియకుండానే చెంబు అందుకున్నాడు. షంషుద్దీన్ వసారాలోని చీరను చూస్తూ అడిగాడు. "బిడ్డా, ఆ చీర మీద ఎంత ముచ్చటగ కుంచె వేస్తున్నవ్. ఎందుకు పెడ్తరమ్మా అది?"

నాగమణికి కొంచెం ధైర్యం వచ్చింది. "పెట్టకుంటె ఎట్ల సాబ్? మెత్తగ వాలిపొయ్యే చీరను షావుకారి చేతుల పెడితే, మగ్గం మంచిగ లేదంటరు. ఇంటి మర్యాద పోతది. బట్ట మడత పెడితే నిలబడాలె."

"డాక్టర్‌కు ఇచ్చిన గొట్టాలు గూడ మెత్తగనే ఉండెనా?"

"ఉడకబెడితే పేగు తీర్గ వాలిపోయినయ్ సాబ్. చూస్తే పాణం ఉసూరుమన్నది. మా ఆయన లేడు. సన్నబియ్యం ఏసి, గంజి మూడుసార్లు వడగట్టి, మంచిగ పట్టిచ్చిన. సన్న కడ్డీకి తొడిగి నీడకు ఆరబెట్టిన. ఎంత సక్కగ నిలబడినయో!" ఆమె మొహం వెలిగింది. ఎవరూ అడగకపోతే తనే చెప్పుకునేటంత మంచిపని అది ఆమె లెక్కలో.

మల్లేశం తల పట్టుకున్నాడు. "పట్టుకు గంజి పెట్టినవా? నాకు చెప్పకపోతివి."

"నువ్వు తిడ్తవని చెప్పలే."

"మొదటిసారి ఇచ్చినవాటికి పెట్టలేదు గద బిడ్డా," అన్నాడు షంషుద్దీన్. "ఈసారే ఎందుకు పెట్టినవ్?"

నాగమణి మొగుడి వైపు చూసింది, పోలీసు వైపు చూసింది. కాలి బొటనవేలితో నేల మీద గీసింది. షంషుద్దీన్ తొందరపెట్టలేదు. మగ్గం మీద ఆగిపోయిన నాడెను చూస్తూ కూర్చున్నాడు.

"మొదటియి గొర్రెలకు పొయ్యేటియి గద సాబ్. నేను ముట్టనే లేదు," అంది చివరికి. "ఈసారి..." 

"ఈసారి?"

"మేడంకు చెప్పొద్దన్నడు డాక్టర్ సారు. చెప్తే ఆమె అడ్డం పడ్తదన్నడు."

"యేసయ్య అని ఒకడు చేయని తప్పుకు లాకప్పుల ఉన్నడు. వానికీ ఇల్లున్నది బిడ్డా."

నాగమణి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా నాయనది పాన్‌గల్, సాబ్. జోగయ్య. బీడీలు తాగి తాగి కాలి నరం మూసుకపోయింది. వేళ్లు నల్లబడ్డయి. పెద్ద దవాఖానల కాలు తీసేయాలన్నరు. కాలు తీస్తే నేను బతకనన్నడు. బాలస్వామి సారు గొట్టాలు తీసుకపోనీకి వచ్చినప్పుడు మా నాయన ఈడనే మంచంల ఉండె. నాలుగుట్ల ఒకటి మీ నాయనకు పెట్టి కాలు నిలబెడ్త, దుడ్డు ఒక్క పైసా తీసుకోనన్నడు. ఒక్క పూట ఆగి రమ్మని చెప్పి, ఆ పూటనే గంజి పెట్టిన. మా నాయన ఒంట్లకు పొయ్యేదాన్ని మెత్తగ, పేగు తీర్గ ఎట్ల ఇస్త సాబ్? నాలుగుట్ల ఏది ఆయనకు పోతదో నాకేం తెల్సు? అందుకే నాలుగింటికి పెట్టిన."

వెంకటన్న చెంబు కింద పెట్టాడు.

"గొర్రెలు సచ్చినయని విన్నవా?" షంషుద్దీన్ అడిగాడు.

"నిన్న సారే చెప్పిండు, నాయనను తీసుకపోనీకి వచ్చినప్పుడు. భయమై అడిగిన. గొర్రెలకు కుట్టింది మేడం, మీ నాయనకు కుట్టేది నేను అన్నడు."

"ఏడికి తీసుకపోయిండు?"

"నాగర్‌కర్నూల్. ఎవరిదో దోస్తుది నర్సింగ్ హోం అంట. ఇయ్యాల పొద్దుగాల ఆపరేషన్ అన్నడు."

షంషుద్దీన్ లేచాడు. ఆయన లేచిన వేగానికి మోకాళ్లు పటపటమన్నాయి. గన్నేరు కొమ్మల నున్నటి చివరలు, నాగర్‌కర్నూల్ పెండ్లి, తొందర ఎక్కువైన తెలివైన కుర్రాడు, అన్నీ ఒక వరసలో వచ్చి కూర్చున్నాయి. గొర్రెల్ని చంపింది గొట్టమని తేలితే రామేశ్వరమ్మ పెట్టెకు తాళం వేస్తుంది. విషమని తేలితే ఎవరికీ గొట్టం మీద అనుమానం రాదు. అందుకోసమే బాలస్వామి సెలవు మీద పోయే ముందు ఆపరేషన్ కత్తెర తీసుకుని గన్నేరుచెట్టు దగ్గరికి వెళ్లాడు. తన చేతిమీద అతనికి అంత నమ్మకం. 

"వెంకటన్నా, ఇక్కడి స్టేషన్‌ల వైర్‌లెస్ సెట్టు పనిచేస్తదా?"

"చేస్తది సాబ్," అన్నాడు వెంకటన్న. అప్పటికే అతను గుమ్మం దాటి జీపు తాళం తీస్తున్నాడు.

* * *

స్టేషన్‌కు తనూ వస్తానని నాగమణి పట్టుబట్టింది. మగ్గం అలాగే వదిలేసి మల్లేశం కూడా వెనక ఎక్కాడు. వెంకటన్న వైర్‌లెస్ ముందు కూర్చుని నాగర్‌కర్నూల్ స్టేషన్‌కు చెప్పాల్సింది చెప్పాడు. ఆపరేషన్ మొదలుపెట్టకపోతే ఆపమన్నాడు, డాక్టర్ బాలస్వామిని కదలనివ్వొద్దన్నాడు. చెప్పి, ఒక నిమిషం ఆలోచించి, వనపర్తిని అందుకున్నాడు.

"యేసయ్యను వదిలేయండ్రి. టీ తాగిచ్చి పంపుండ్రి." తర్వాత షంషుద్దీన్ వైపు చూడకుండానే అన్నాడు. "తప్పు ముద్ర తీసిన సాబ్."

"తుడిచేసినవ్ గద. ఐపాయె. డాక్టరమ్మను తయారుగ ఉండమను. పోతపోత ఎక్కించుకోవాలె."

నాగర్‌కర్నూల్ నుంచి జవాబు కోసం కూర్చున్నారు. షంషుద్దీన్ రెండు టీలు తాగాడు. రెండో దాంట్లో చక్కెర లేదన్న సంగతి కూడా ఆయనకు తెలియలేదు. 

చివరికి సెట్టు గరగరమంది. కానిస్టేబుల్ గొంతు ఆయాసపడుతోంది. పరుగెత్తి వచ్చినట్టున్నాడు. 

"సార్, ఆపరేషన్ ఐపోయిందంట. మేం పొయ్యేసరికే కుట్లు గూడ ఏసిన్రు. పేషెంట్ మంచిగున్నడు సార్. చల్లగున్న కాలు వెచ్చగైందంట. వేళ్లు కదిలిస్తుండు. బిడ్డ ఏడున్నదని అడుగుతుండు. డాక్టర్ సారు అందరికి మిఠాయి పంచుతుండు సార్. మాకు గూడ ఇచ్చిండు. ఓవర్."

నాగమణి రెండు చేతులూ జోడించి గోడకు ఆనుకుని ఏడ్చేసింది. మల్లేశం ఆమె భుజం పట్టుకున్నాడు. అతని కళ్లు కూడా తడిగా ఉన్నాయి. ఎన్నో ఇళ్లకు ఎన్నో చెడ్డ కబుర్లు మోసిన షంషుద్దీన్ మాత్రం, ఈ ఒక్క ఇంటికి మోయలేక నిలబడ్డాడు.

"కాలు వెచ్చగైందంటుండ్రు గద సాబ్," వెంకటన్న దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఇంక మేడంను తీసుకపోవుడెందుకు?"

"ఆ మూడు గొర్రెలు గూడ రెండు రోజులు మంచిగ మేసినయ్ వెంకటన్నా. మేడం పోయి ఆ గొట్టం తియ్యకుంటె, ముసలాయనకు గూడ అంతే టైమున్నది."

ఇద్దరూ గొంతు తగ్గించే మాట్లాడుకున్నారు. జీపులో ఎక్కిన తర్వాత గానీ, నాగమణి విన్నదన్న సంగతి షంషుద్దీన్‌కు తెలియలేదు. జీపు ఊరు దాటింది. ఆమె ముందుకు వంగి అడిగింది.

"సాబ్, గొర్రెలు ఎందుకు సచ్చినయ్?"

షంషుద్దీన్ వెనక్కి తిరిగి ఆమె మొహం చూశాడు. అబద్ధం చెప్పాలని గట్టిగా అనిపించింది. చెబితే ఎన్నాళ్లు నిలుస్తుంది?

"గంజి వాటి రక్తానికి పడలే బిడ్డా," అన్నాడు. "మేడంను తీసుకపోతున్నం. టైమున్నది."

ఆమె ఏడవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. గోళ్ల సందుల్లో పొద్దుటి చీర గంజి ఇంకా తెల్లగా ఆరి ఉంది. దాన్ని కొంగుతో రుద్దుతూ కూర్చుంది. వనపర్తి వచ్చి రామేశ్వరమ్మ జీపెక్కేసరికి కూడా ఆమె రుద్దుతూనే ఉంది.